'పోలీసు చర్య' - శాసనసభ పర్యవేక్షణ: పెనుబల్లి సరిహద్దు ప్రాంతం నుంచి ఒక చారిత్రక పరిశీలన (1939-1952)

వ్యాససంగ్రహం:

ఒక రాజ్యం తన సరిహద్దు దాటి సైన్యాన్ని నడిపించినప్పుడు ఆ నిర్ణయం ఎవరిది, దానికి లెక్క అడిగే సభ ఏది అనే ప్రశ్నను సాధారణంగా అమెరికా అధ్యక్షుని యుద్ధాధికారాలకు సంబంధించిన చర్చగా చూస్తారు. తెలుగు నేల కూడా ఈ ప్రశ్నను ప్రత్యక్షంగా అనుభవించింది. 1939లో కేంద్ర శాసనసభను సంప్రదించకుండానే భారతదేశాన్ని యుద్ధంలోకి దించారు. 1948లో హైదరాబాదు సంస్థానంలోకి యూనియన్ సైన్యం ప్రవేశించింది. ఆ తరువాత మిలిటరీ గవర్నరు పాలన వచ్చింది, 1951 వరకు అటవీ ప్రాంతాల్లో సాయుధ బలగాల చర్యలు సాగాయి. ఈ ఘట్టాలను నాటి నిజాం రాజ్యానికి, మద్రాసు రాష్ట్రానికి మధ్య సరిహద్దున ఉన్న పెనుబల్లి ప్రాంతం నుంచి చూస్తూ, సైనిక చర్యకు పెట్టిన పేరు శాసనసభ పర్యవేక్షణను ఎలా నిర్ణయించిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: పోలీసు చర్య, హైదరాబాదు సంస్థానం, యథాతథ ఒప్పందం, మిలిటరీ గవర్నరు, ఫర్మానా, రాజ్యాంగ సభ, అత్యవసర పరిస్థితి, పెనుబల్లి, ఖమ్మం.

1. ఉపోద్ఘాతం:

తెలంగాణ పల్లెల్లో పాత తరం వారు తమ వయసును సంవత్సరాలతో కాక సంఘటనలతో లెక్కించుకునేవారు. 'పోలీసు యాక్షన్ నాటికి నాకు పదేండ్లు' అనే మాట అలాంటిది. ఆ మాటలో ఒక విశేషముంది. 1948 సెప్టెంబరులో ఆ పల్లెలు చూసినవి పోలీసులను కాదు, ట్యాంకులను, సైనిక వాహనాలను. జనం కూడా 'యూనియన్ మిలిటరీ వచ్చింది' అనే చెప్పుకున్నారు. అయినా సంఘటన పేరు మాత్రం 'పోలీసు యాక్షన్'గానే నిలిచిపోయింది. కళ్లతో చూసింది మిలిటరీ, కాగితంపై ఉన్నది పోలీసు. ఈ రెండింటి మధ్య ఉన్న దూరమే ఈ వ్యాసానికి ఆధారం.

యుద్ధానికి ఒక ప్రకటన కావాలి, దానికొక కారణం చూపాలి, ప్రజాప్రతినిధుల సభలో సమాధానం చెప్పాలి. పోలీసు చర్యకు ఇవేవీ అవసరం లేదు. అది పాలకుని దైనందిన విధుల్లో ఒకటి. కాబట్టి ఒక సైనిక చర్యను ఏ పేరుతో పిలుస్తారనేది భాషకు సంబంధించిన విషయం మాత్రమే కాదు. ఎవరు ఎవరికి జవాబుదారీ అనే రాజ్యాంగ ప్రశ్నకు ఆ పేరే సమాధానమవుతుంది. 17 సెప్టెంబరును విమోచనమనాలా, విలీనమనాలా, విద్రోహమనాలా అనే వివాదంపై విస్తారమైన సాహిత్యం వచ్చింది. అంతకంటే ముందే అధికారికంగా స్థిరపడిన 'పోలీసు చర్య' అనే పేరు ఏ పని చేసిందనే విషయానికి మాత్రం తగినంత ప్రాధాన్యం దక్కలేదు.

2. సరిహద్దు గ్రామానికి పరాయి రాజ్యం:

నేటి ఖమ్మం జిల్లాలోని పెనుబల్లి 1948 నాటికి నిజాం రాజ్యంలోని వరంగల్ జిల్లాలో భాగం. ఖమ్మం ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది 1953లోనే. పెనుబల్లి నుంచి తిరువూరు వైపు సాగితే కొద్ది దూరంలోనే కృష్ణా జిల్లా, అంటే మద్రాసు రాష్ట్రం. అడవి మీదుగా ఈశాన్యానికి సాగి గోదావరి దాటితే భద్రాచలం తాలూకా. అది కూడా మద్రాసు రాష్ట్రంలోనిదే. 1860 నాటి ఒప్పందంతో గోదావరి ఎడమ గట్టున ఉన్న భద్రాచలం, రేకపల్లి తాలూకాలను నిజాం బ్రిటిష్ వారికి వదులుకున్నాడు. అవి కొంతకాలం మధ్య పరగణాల కింద ఉండి, 1874లో మద్రాసు రాష్ట్రంలోని గోదావరి జిల్లాలో చేరాయి. ఒకే భాష, ఒకే బంధుత్వాలు, ఒకే రాములవారి కల్యాణం. నది మధ్యలో మాత్రం రెండు రాజ్యాల హద్దు.

ఈ హద్దు కాగితానికే పరిమితం కాలేదు. సరిహద్దున కరోడ్‌గిరి నాకాలు ఉండేవి. సరుకు దాటాలంటే సుంకం కట్టాలి. ఇటు హాలీ సిక్కా, అటు కల్దారు. కోర్టు భాష ఇటు ఉర్దూ, అటు ఇంగ్లీషు, తెలుగు. మరోవైపు పెళ్లి సంబంధాలు, సంతలు, పశువుల మేపు ఈ హద్దును నిత్యం దాటుతూనే ఉండేవి. సరిహద్దు రైతుకు అవతలి ఊరు చుట్టపు ఊరు. నాకా గుమాస్తాకు అది పరాయి రాజ్యం.

'విదేశంలో సైనిక బలప్రయోగం' అనే పదబంధంలోని 'విదేశం' ఎంత సందిగ్ధమైనదో ఈ ప్రాంత భూగోళమే చూపుతుంది. 1947 ఆగస్టు 15 తరువాత ఈ సందిగ్ధత మరింత పెరిగింది. బ్రిటిష్ సార్వభౌమాధికారం ముగియడంతో తాను స్వతంత్రుడినని నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ వాదించాడు. నలువైపులా భారత భూభాగమే ఉన్న సంస్థానం విదేశం కాజాలదని భారత ప్రభుత్వం వాదించింది. సైన్యం దాటిన గీత దేశాల మధ్య గీతా, జిల్లాల మధ్య గీతా అనే ప్రశ్న అప్పటికే సిద్ధంగా ఉంది.

3. 1939 - అడగకుండా వచ్చిన యుద్ధం:

ఈ ప్రశ్నకు 1948 కంటే ముందు చరిత్ర ఉంది. బ్రిటిష్ పాలనలో భారత సైన్యాన్ని సముద్రాల అవతల యుద్ధాలకు పంపడం రివాజు. దానికి అయ్యే ఖర్చు భారత ఖజానా భరించేది. 1919 చట్టం కింద ఏర్పడిన కేంద్ర శాసనసభకు బడ్జెట్టుపై ఓటు ఉన్నా రక్షణ వ్యయం ఆ ఓటుకు లోబడని పద్దుగా ఉండేది. సభ్యులు మాట్లాడవచ్చు కాని ఆపలేరు. భారత సైన్యం ఉన్నది భారతదేశ రక్షణ కోసమేనని 1921లో పి.ఎస్. శివస్వామి అయ్యరు చొరవతో కేంద్ర శాసనసభ చేసిన తీర్మానాలు ఈ అసంతృప్తికి తొలి శాసన రూపాలు.

1939 ఆగస్టులో శాసనసభ అభిప్రాయానికి విరుద్ధంగా భారత దళాలను ఈజిప్టుకు, సింగపూరుకు పంపారు. నిరసనగా కేంద్ర శాసనసభ సమావేశానికి వెళ్లవద్దని కాంగ్రెసు కార్యవర్గం తన సభ్యులను ఆదేశించింది. సెప్టెంబరు 3న వైస్రాయి లిన్‌లిత్‌గో భారతదేశం యుద్ధంలో ఉన్నట్లు ప్రకటించాడు. ఆ ప్రకటనకు ముందు ఏ సభనూ సంప్రదించలేదు. అక్టోబరు చివరి నుంచి రాష్ట్రాల కాంగ్రెసు మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. మద్రాసులో రాజీనామా చేసిన ప్రధాని చక్రవర్తి రాజగోపాలాచారి. భద్రాచలం తాలూకా ఆయన పాలనలోని ప్రాంతమే. గోదావరికి ఇవతల నిజాం తన ఇష్టపూర్వకంగా బ్రిటిషు వారి పక్షాన నిలిచాడు. అక్కడ రాజీనామా చేయడానికి ప్రజలెన్నుకున్న మంత్రివర్గమే లేదు.

ప్రజాప్రతినిధులను అడగకుండా దేశాన్ని యుద్ధంలోకి దించరాదనే సూత్రంపై జాతీయోద్యమం ఎనిమిది రాష్ట్రాల్లో అధికారాన్ని వదులుకుంది. తొమ్మిదేళ్ల తరువాత హైదరాబాదులోకి సైన్యం కదిలినప్పుడు భారత గవర్నరు జనరల్ స్థానంలో ఉన్నది అదే రాజగోపాలాచారి. రెండు సందర్భాలూ సమానం కావు. 1939లో నిర్ణయించింది పరాయి ప్రభుత్వం. 1948లో నిర్ణయించింది జాతీయ ప్రభుత్వం, దానికి రాజ్యాంగ సభ విశ్వాసం ఉంది. అయినా 1939లో లేవనెత్తిన సూత్రం 1948లో ఏమైందని అడగడం చరిత్రకారుల బాధ్యత.

4. 'పోలీసు చర్య' అనే పేరు:

1947 నవంబరు 29న భారత ప్రభుత్వానికి, నిజాముకు మధ్య ఏడాది కాలానికి యథాతథ ఒప్పందం కుదిరింది. అందులో ఒక నిబంధన ఈ చర్చకు కీలకం. సంస్థానంలో అంతర్గత శాంతి కోసం సైన్యాన్ని పంపే హక్కు గాని బాధ్యత గాని భారత ప్రభుత్వానికి ఉండదు. యుద్ధ సమయంలో, అదీ నిజాం సమ్మతితో మాత్రమే సంస్థాన భూభాగంలో సైన్యాన్ని ఉంచవచ్చు. అంటే ఒప్పందం అక్షరాలను బట్టి చూస్తే శాంతిభద్రతల కారణం పనికిరాదు, యుద్ధ కారణమైతే నిజాం అంగీకారం కావాలి.

ఆ ఏడాది జరిగినది ఒప్పందాన్ని నిరర్థకం చేసింది. కాశిం రజ్వీ నాయకత్వంలోని రజాకార్ల దాడులు పల్లెలను వణికించాయి. 1948 ఆగస్టులో బైరాన్‌పల్లిలో సామూహిక హత్యాకాండ జరిగింది. అదే నెలలో 'ఇమ్రోజ్' పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను హైదరాబాదు నగరంలో నరికి చంపారు. సరిహద్దు గ్రామాల జనం వేల సంఖ్యలో మద్రాసు, బొంబాయి, మధ్య పరగణాల వైపు తరలిపోయారు. కృష్ణా జిల్లా సరిహద్దున స్టేట్ కాంగ్రెసు శిబిరాలు వెలిశాయి. రైతాంగం 1946 నుంచే ఆంధ్ర మహాసభ, కమ్యూనిస్టు పార్టీల నాయకత్వాన దొరలపై, నిజాం పోలీసులపై పోరాడుతున్నది. సైన్యం రావాలని కోరుకున్న వారు సంస్థానంలో అధిక సంఖ్యాకులనడంలో సందేహం లేదు.

ఈ దశలో భారత ప్రభుత్వం శాసనసభను పూర్తిగా విస్మరించలేదు. హైదరాబాదుపై శ్వేతపత్రం వెలువరించింది. 1948 సెప్టెంబరు 7న ప్రధాని నెహ్రూ శాసన విధులు నిర్వహిస్తున్న రాజ్యాంగ సభలో ప్రకటన చేశాడు. రజాకార్లను రద్దు చేయాలని, సికిందరాబాదుకు భారత సైన్యం తిరిగి రావడానికి వీలు కల్పించాలని నిజామును చివరిసారిగా కోరుతున్నట్లు చెప్పాడు. సభకు సమాచారం అందింది, హెచ్చరిక సభాముఖంగానే వెలువడింది. సైన్య ప్రవేశానికి సభ ఓటును మాత్రం కోరలేదు. సమాచారమివ్వడం, ఆమోదం పొందడం ఒకటి కాదు. శాసనసభ పర్యవేక్షణకు సంబంధించిన చర్చ అంతా ఈ రెండింటి మధ్య తేడా మీదనే ఆధారపడి ఉంది.

సెప్టెంబరు 13 తెల్లవారుజామున సైన్యం కదిలింది. ప్రధాన దళం పశ్చిమాన షోలాపూరు నుంచి మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి ఆధ్వర్యంలో, మరో దళం తూర్పున బెజవాడ నుంచి మేజర్ జనరల్ ఎ.ఎ. రుద్ర ఆధ్వర్యంలో బయలుదేరాయి. సైనికాధికారుల పత్రాల్లో దీని పేరు 'ఆపరేషన్ పోలో', బాహ్య ప్రపంచానికి 'పోలీసు చర్య'. సెప్టెంబరు 17 సాయంత్రానికి నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. మరునాడు హైదరాబాదు సేనాధిపతి ఎల్ ఇద్రూస్ లొంగిపోయాడు.

ఈ పేరుకు అంతర్జాతీయ ప్రయోజనం స్పష్టం. ఆగస్టులోనే హైదరాబాదు ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది. సైన్యం కదిలిన మూడు రోజులకు, సెప్టెంబరు 16న, పారిస్‌లో మండలి ఆ ఫిర్యాదును చర్చనీయాంశంగా స్వీకరించింది. హైదరాబాదు ఒక రాజ్యం కాదని, ఇది భారతదేశపు అంతర్గత విషయమని భారత ప్రతినిధి ఎ. రామస్వామి ముదలియార్ వాదించాడు. అంతర్గత విషయంలో జరిగేది యుద్ధం కాజాలదు. 'పోలీసు చర్య' అనే మాట ఆ వాదనకు అతికినట్లు సరిపోయింది. సెప్టెంబరు 22న నిజాం ఫిర్యాదును ఉపసంహరించుకున్నాడు.

అంతర్జాతీయ వేదిక మీద వాడిన మాట దేశీయంగా కూడా ఫలితమిచ్చింది. యుద్ధం కాదు కనుక యుద్ధ ప్రకటన లేదు. ప్రకటన లేదు కనుక దాని ముగింపు తేదీ లేదు. ముగింపు తేదీ లేదు కనుక సైన్యం ఎప్పుడు వెనక్కి పోవాలనే ప్రశ్న ఏ సభలోనూ నియమబద్ధంగా తలెత్తదు. ఆ ఐదు రోజుల చర్య తరువాత వచ్చిన మూడేళ్ల కాలాన్ని అర్థం చేసుకోవడానికి ఈ క్రమాన్ని గుర్తుంచుకోవాలి.

5. ఫర్మానాతో సంక్రమించిన అధికారం:

సైన్యం గెలిచాక చౌధురి మిలిటరీ గవర్నరయ్యాడు. ఆయన అధికారానికి చట్టపరమైన మూలం ఏది? గెలిచిన ప్రభుత్వం చేసిన చట్టమా? రాజ్యాంగ సభ తీర్మానమా? రెండూ కావు. ఓడిపోయిన నిజాం 1948 సెప్టెంబరు 19న జారీ చేసిన ఫర్మానా ద్వారా సంస్థాన పాలనాధికారం మిలిటరీ గవర్నరుకు సంక్రమించింది. ఆ అధికారంలో శాసనాలు చేసే అధికారం కూడా మొదటినుంచీ ఉన్నట్లేనని 1949 ఆగస్టు 7 నాటి మరో ఫర్మానా స్పష్టం చేసింది. ఇది లోతుగా ఆలోచించవలసిన ఏర్పాటు. నిజాం నిరంకుశాధికారాన్ని తొలగించడానికి వచ్చిన సైన్యం తన అధికారాన్ని ఆ నిరంకుశాధికారం నుంచే పొందింది. నిజాం ఏ సభకూ జవాబుదారీ కాడు, కాబట్టి ఆయన నుంచి అధికారం పొందిన గవర్నరు కూడా హైదరాబాదులో ఏ సభకూ జవాబుదారీ కాడు. వయోజన ఓటుతో ఎన్నికైన శాసనసభ హైదరాబాదుకు 1952 వరకు లేదు.

ఈ అధికారం కిందనే 1358 ఫసలీ నాటి అయిదవ రెగ్యులేషను వచ్చింది. దాని ద్వారా ప్రత్యేక ట్రిబ్యునళ్లు ఏర్పడ్డాయి. ఆ ట్రిబ్యునళ్ల ముందు నిలిచిన వారు రెండు విభిన్న శిబిరాలకు చెందినవారు. ఒకవైపు రజాకార్ల నాయకుడు కాశిం రజ్వీ, మరోవైపు రజాకార్లతో పోరాడిన తెలంగాణ రైతు కార్యకర్తలు. మరణశిక్ష పడిన తెలంగాణ ఖైదీల పక్షాన సుప్రీంకోర్టుకు వెళ్లిన జనార్దనరెడ్డి కేసులో, తీర్పులు రాజ్యాంగం అమలుకు ముందే ఖరారైనందున వాటిపై అప్పీలు వినే అధికారం తనకు లేదని కోర్టు చెప్పింది. ఆ మరణశిక్షలు చివరకు అమలు కాలేదు. కాశిం రజ్వీ కేసులో 1953లో సుప్రీంకోర్టు ఆధిక్య తీర్పు ఆయన సవాలును తోసిపుచ్చింది. పరస్పరం శత్రువులైన ఈ రెండు పక్షాలూ కోర్టులో వేసిన ప్రశ్న మాత్రం ఒకే కోవకు చెందినది. ప్రజాప్రతినిధులెవరూ చేయని చట్టంతో ఏర్పడిన న్యాయస్థానం ఇచ్చే శిక్ష న్యాయబద్ధమేనా? సభలో ఎవరూ అడగని ప్రశ్నను చివరకు ఖైదీలు అడగవలసి వచ్చింది.

పోలీసు చర్య సందర్భంగా, ఆ తరువాత జరిగిన హింసపై విచారణకు నెహ్రూ చొరవతో పండిత సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ తదితరుల బృందం 1948 నవంబరు, డిసెంబరు నెలల్లో సంస్థానంలో పర్యటించింది. మృతులు కనీసం 27,000 నుంచి 40,000 వరకు ఉంటారని, అత్యధికులు ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాల ముస్లిములని అంచనా వేసింది. ప్రభుత్వం ఈ నివేదికను ప్రచురించలేదు. దశాబ్దాల తరువాతనే అది పరిశోధకుల చేతికి అందింది. ఈ అంకెలపై వాదభేదాలు ఉండవచ్చు. నివేదిక ఆనాడే సభ ముందుకు వచ్చి ఉంటే ఆ వాదభేదాలు అక్కడే, సాక్షులు బతికి ఉండగానే తేలేవి. పర్యవేక్షణ లేకపోవడం వల్ల కలిగే నష్టం బాధితులకే పరిమితం కాదు, చరిత్ర రచనకు కూడా ఆ నష్టం తప్పదు.

6. అడవి అంచున మూడేళ్లు:

రజాకార్లు అణగారిన తరువాత సైన్యం దృష్టి కమ్యూనిస్టు దళాలపై పడింది. భూములను వదులుకోవడానికి రైతులు, ఆయుధాలను వదులుకోవడానికి దళాలు ఇష్టపడలేదు. మైదాన గ్రామాల్లో ఒత్తిడి పెరగడంతో దళాలు కృష్ణా తీరాన నల్లమల వైపు, గోదావరి తీరాన ఇల్లెందు, పాల్వంచ అడవుల వైపు తరలాయి. పెనుబల్లి ప్రాంతం ఆ అడవుల వాకిట ఉంది. అప్పటి నుంచి 1951 అక్టోబరు 21న పోరాట విరమణ ప్రకటించే దాకా ఈ అటవీ సరిహద్దు సాయుధ బలగాల కార్యక్షేత్రంగా మారింది.

పుచ్చలపల్లి సుందరయ్య తన గ్రంథంలో మొత్తం పోరాట కాలంలో సుమారు 4,000 మంది మరణించారని, 10,000 మందికి పైగా మూడు నాలుగేళ్లు నిర్బంధంలో గడిపారని పేర్కొన్నారు. అడవిలో చెదురుమదురుగా ఉన్న కోయ గూడేలను ఖాళీ చేయించి, జనాన్ని ఒకచోట చేర్చిన తీరును కూడా ఆయన వివరించారు. దళాలకు తిండి, సమాచారం అందకుండా చేయడం దాని ఉద్దేశం. ఇవి ఉద్యమ నాయకుడు చెప్పిన లెక్కలు కనుక జాగ్రత్తగా స్వీకరించాలి. వాటికి దీటుగా నిలిపి చూడదగిన శాసనసభ విచారణ నివేదిక మాత్రం మరొకటి లేదు. దళాల చేతిలో చనిపోయిన వారి విషయంలో కూడా ఇదే లోటు కనిపిస్తుంది. సభ అడగనప్పుడు ప్రతి పక్షమూ తన మృతులను మాత్రమే లెక్కిస్తుంది.

దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు', 'మోదుగుపూలు' నవలల తరువాత 'జనపదం'లో పోలీసు చర్య అనంతర తెలంగాణను చిత్రించడానికి పూనుకోవడం ఈ నేపథ్యంలో గమనార్హం. అధికారిక పత్రం మౌనం వహించిన చోట తెలుగు నవల సాక్ష్యమిచ్చే బాధ్యత తీసుకుంది. సాహిత్యం ఈ పని చేయగలదు. ఐతే అది శాసనసభకు ప్రత్యామ్నాయం కాదు. నవల జ్ఞాపకాన్ని నిలబెడుతుంది, బాధ్యులను పిలిపించలేదు.

1952 ఎన్నికలు ఈ పరిస్థితిని మార్చాయి. కమ్యూనిస్టు పార్టీ పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంటు పేరుతో పోటీ చేసి హైదరాబాదు శాసనసభలో ప్రధాన ప్రతిపక్షమైంది. నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి, ఖమ్మం నుంచి టి.బి. విఠల్‌రావు లోక్‌సభకు ఎన్నికయ్యారు. నిన్నటిదాకా సైన్యం వెతికిన ఉద్యమం నేడు సభలో ప్రశ్నలు వేసే స్థానంలో కూర్చుంది. పెనుబల్లి ప్రాంత ప్రజలకు తమ అనుభవాన్ని గురించి అడగగల సభ్యుడు తొలిసారి దొరికింది. సైన్యం గీత దాటిన నాటి నుంచి ఆ రోజు రావడానికి మూడేళ్లకు పైగా పట్టింది.

7. రాజ్యాంగం ఇచ్చిన సమాధానం:

హైదరాబాదులో మిలిటరీ గవర్నరు పాలన సాగుతున్న కాలంలోనే, 1948 నవంబరు 4న, డాక్టర్ అంబేడ్కర్ రాజ్యాంగ ముసాయిదాను సభలో ప్రవేశపెట్టాడు. 1950 జనవరి 26న అమల్లోకి వచ్చిన రాజ్యాంగంలో 53(2) అధికరణం రక్షణ దళాల సర్వోన్నత ఆధిపత్యాన్ని రాష్ట్రపతికి అప్పగిస్తుంది, దాని వినియోగం చట్టం ద్వారా నియంత్రితం కావాలని చెబుతుంది. రాష్ట్రపతి మంత్రివర్గ సలహా మేరకు నడుచుకుంటాడు. యుద్ధం, శాంతి అనే అంశంపై శాసనం చేసే అధికారం కేంద్ర జాబితా ద్వారా పార్లమెంటుకు ఉంది. ఐతే విదేశానికి సైన్యాన్ని పంపే ముందు సభ ఆమోదం తప్పనిసరి అనే చట్టాన్ని పార్లమెంటు చేయలేదు. తలుపు ఉంది, తాళం వేసే పని మిగిలిపోయింది.

అత్యవసర పరిస్థితికి సంబంధించిన 352వ అధికరణం విషయంలో పార్లమెంటు పాత్ర స్పష్టం. యుద్ధకాలంలో ఈ అధికరణాన్ని వినియోగించిన ఇద్దరు రాష్ట్రపతులూ తెలుగు కుటుంబాల్లో పుట్టినవారే కావడం ఆసక్తికరం. 1962 అక్టోబరు 26న సర్వేపల్లి రాధాకృష్ణన్, 1971 డిసెంబరు 3న వరాహగిరి వెంకటగిరి ఆ ప్రకటనలపై సంతకం చేశారు. చైనాతో కాల్పులు 1962 నవంబరు 21న ఆగినా ఆ అత్యవసర పరిస్థితి 1968 జనవరి దాకా కొనసాగింది. 1971 యుద్ధం డిసెంబరు 16న ఢాకాలో ముగిసినా ఆ ప్రకటన 1977 మార్చి దాకా ఉంది. ఆమోదం ఒకసారి పొందితే చాలు, పునఃసమీక్ష అవసరం లేదన్న నాటి నియమం వల్ల ఇది సాధ్యమైంది. నీలం సంజీవరెడ్డి రాష్ట్రపతిగా ఉన్న కాలంలో వచ్చిన 44వ సవరణ ఈ లోపాన్ని సరిదిద్దింది. మంత్రివర్గ నిర్ణయం లిఖితపూర్వకంగా ఉండాలి, నెలలోగా ఉభయ సభలు ప్రత్యేక ఆధిక్యతతో ఆమోదించాలి, ప్రతి ఆరు నెలలకు ఆమోదాన్ని పునరుద్ధరించాలి. గడువు విధించడమే ఈ సవరణ చేసిన అసలు మేలు.

సైన్యాన్ని దేశం వెలుపలికి పంపే విషయంలో ఇటువంటి గడువు లేదు. 1987 జులై 29 నాటి ఒప్పందం తరువాత శ్రీలంకకు వెళ్లిన భారత శాంతి పరిరక్షక దళం 1990 మార్చి దాకా అక్కడ ఉంది, సుమారు 1,200 మంది సైనికులను కోల్పోయింది. ఇంతటి నిర్ణయానికి సభల ముందస్తు ఆమోదం రాజ్యాంగపరంగా అవసరం కాలేదు. అందుకు భిన్నంగా, 2003 ఏప్రిల్‌లో ఇరాక్ యుద్ధంపై లోక్‌సభ తీర్మానం చేసింది. ఆ జులైలో ఇరాక్‌కు భారత దళాలను పంపరాదని మంత్రివర్గం నిర్ణయించినప్పుడు సభ వ్యక్తం చేసిన అభిప్రాయం ఆ నిర్ణయానికి నేపథ్యంగా నిలిచింది. సభ మాటకు చట్టబలం లేకపోయినా రాజకీయ బలం ఉంటుందని ఇది నిరూపిస్తుంది.

8. అమెరికా అనుభవంతో పోలిక:

అమెరికా రాజ్యాంగం యుద్ధ ప్రకటనాధికారాన్ని కాంగ్రెసుకు, సేనాధిపత్యాన్ని అధ్యక్షునికి ఇచ్చింది. 1950 జూన్‌లో కొరియాకు దళాలను పంపిన అధ్యక్షుడు ట్రూమన్ కాంగ్రెసును యుద్ధ ప్రకటన కోరలేదు. ఇది ఐక్యరాజ్యసమితి తరఫున జరిగే పోలీసు చర్య అనవచ్చా అని విలేకరి అడిగితే, సరిగ్గా అదేనని జవాబిచ్చాడు. హైదరాబాదులో ఆ మాట వాడుకలోకి వచ్చి అప్పటికి రెండేళ్లు కూడా కాలేదు. ఒకరిని చూసి మరొకరు నేర్చుకున్నారనడానికి ఆధారం అవసరం లేదు. శాసనసభ ఓటు లేకుండా సైన్యాన్ని నడిపించవలసి వచ్చిన రెండు ప్రభుత్వాలూ ఒకే పదాన్ని ఆశ్రయించాయి. భద్రతా మండలి విషయంలో మాత్రం అవి పరస్పర విరుద్ధం. ట్రూమన్ ఆ మాటతో మండలి అండను చూపాడు. భారత ప్రభుత్వం అదే మాటతో మండలిని దూరంగా ఉంచింది.

వియత్నాం అనుభవం తరువాత 1973 నవంబరులో అధ్యక్షుడు నిక్సన్ నిరాకరణను తోసిరాజని అమెరికా కాంగ్రెసు యుద్ధాధికారాల తీర్మానాన్ని చట్టం చేసింది. దాని ప్రకారం దళాలను పంపిన 48 గంటల్లో అధ్యక్షుడు కాంగ్రెసుకు తెలియజేయాలి. కాంగ్రెసు అనుమతి లేకుంటే 60 రోజుల్లో, ఉపసంహరణకు అవసరమైతే మరో 30 రోజుల్లో, చర్య ముగియాలి. 2011లో లిబియాపై దాడులు ఈ గడువు దాటాయి. అవి చట్టం చెప్పిన అర్థంలో శత్రు సంఘర్షణలు కావని నాటి ప్రభుత్వం వాదించింది. ఇక్కడ కూడా చట్టం నుంచి తప్పించుకోవడానికి దొరికిన దారి పేరు మార్పే. చట్టం ఉన్నంత మాత్రాన పర్యవేక్షణ రాదు, ఆ చట్టంలోని పదాలకు అర్థం నిర్ణయించే అధికారం కూడా సభకు ఉండాలి.

9. ముగింపు:

పై పరిశీలన నుంచి మూడు విషయాలు తేలుతున్నాయి.

మొదటిది, 1948 సైనిక చర్య అవసరమా కాదా అనే ప్రశ్న, దానికి ఎవరు లెక్క చెప్పాలనే ప్రశ్న వేరువేరు. రజాకార్ల దౌర్జన్యం నుంచి విముక్తి కోరుకున్న ప్రజల ఆకాంక్ష న్యాయమైనది. ఆ ఆకాంక్ష తరువాతి మూడేళ్ల నిర్బంధాలకు, ట్రిబ్యునళ్లకు, ప్రచురణకు నోచుకోని నివేదికకు ముందస్తు సమ్మతి పత్రం కాదు. మొదటి ప్రశ్నకు వచ్చిన 'అవును' అనే జవాబును రెండవ ప్రశ్నకు కూడా వర్తింపజేయడం వల్లనే మన చరిత్ర రచనలో ఇంతకాలం ఖాళీ ఏర్పడింది.

రెండవది, 'పోలీసు చర్య' అనే పేరు భద్రతా మండలి ముందు దేశాన్ని కాపాడింది. అదే పేరు దేశంలోని సభకు ప్రశ్నించే సందర్భాన్ని తగ్గించింది. ఫర్మానా నుంచి అధికారాన్ని తీసుకోవడం ఆ తగ్గుదలను పూర్తి చేసింది.

మూడవది, 1939లో జాతీయోద్యమం చెప్పిన సూత్రం, 44వ సవరణ తెచ్చిన గడువు సూత్రం కలిసి ఒక మార్గాన్ని చూపుతున్నాయి. విదేశానికి వెళ్లే సైన్యం విషయంలో కూడా లిఖితపూర్వక నిర్ణయం, నిర్ణీత కాలంలో సభ ఆమోదం, కాలానుగుణ సమీక్ష అనే మూడు నియమాలను 53(2) అధికరణం కింద పార్లమెంటు చట్టంగా చేయవచ్చు. అత్యవసరంగా స్పందించే శక్తిని ఇది ప్రభుత్వం నుంచి తీసివేయదు. స్పందించిన తరువాత వచ్చి చెప్పే బాధ్యతను మాత్రం నిర్బంధం చేస్తుంది.

పెనుబల్లి సరిహద్దున ఇప్పుడు కరోడ్‌గిరి నాకాలు లేవు, హాలీ, కల్దారు తేడా లేదు. భద్రాచలం 1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది, 2014 తరువాత ఆ ప్రాంతపు హద్దులు మళ్లీ మారాయి. గీతలు మారుతూనే ఉంటాయి. ఆ గీత దాటి సైన్యం వచ్చినప్పుడు దాని ఇరువైపులా ఉన్న పల్లెల తరఫున అడిగే సభ్యుడు ఒకడు ఎప్పుడూ ఉండాలనేది ఈ ప్రాంత చరిత్ర నేర్పిన పాఠం. 1948 నుంచి 1952 దాకా ఆ సభ్యుని కోసం ఈ అడవి అంచు పల్లెలు ఎదురుచూశాయి.